మన్రో దొర పాలనము: పదుమూడేండ్లు ఆగిన న్యాయము



మన రాజోలి తుంగభద్రకు ఉత్తరపు గట్టున నున్నది. ఆవలి గట్టున కందనవోలు సీమ. దానికి నైరుతి మూలను పత్తికొండ. 1800వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన నిజాము ప్రభువునకును ఇంగ్లీషు కంపెనీకిని జరిగిన ఒడంబడికచే ఈ నది రెండు ఏలుబడులకు ఎల్ల యయ్యెను. ఉత్తరపు గట్టు నిజామునకే నిలిచెను. దక్షిణమున బళ్లారి, అనంతపురము, కడప సీమలును, కర్నూలు సీమలో పత్తికొండ మొదలగు కొంత భాగమును కంపెనీ పరమయ్యెను. తన రక్షణకై నిలిపిన ఆంగ్ల సైన్యపు ఖర్చు క్రింద నిజాము ఈ సీమలను దత్తము చేసెను గనుక వానికి దత్తమండలములను పేరు కలిగెను. 1928 నుండి ఆ ప్రాంతమునే రాయలసీమ యనుచున్నాము. కర్నూలు పట్టణము మాత్రము 1839 వఱకు నవాబు చేతిలో నుండెను. రాజ్యములు మారినను నది మారలేదు. నేటికిని ఇచ్చట తెలంగాణమునకును ఆంధ్రప్రదేశమునకును అదియే సరిహద్దు.

ఆ దత్తమండలములకు మొదటి ప్రధాన కలెక్టరుగా వచ్చి, పిమ్మట చెన్నపట్టణమునకు గవర్నరై, తుదకు పత్తికొండలోనే ప్రాణములు విడిచిన సర్ తామస్ మన్రో చరిత్రము నేటి ప్రసంగ విషయము. ఆవలి గట్టు ప్రజలు ఆ దొరను గూర్చి పాటలు కట్టి పాడుకొనిరి. మగబిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనిరి. ఆ గట్టుననే, ఆ దొర కాలముననే, కంపెనీ సేనలు ఒక గ్రామకోటను ముట్టడించి ఊరిపెద్దను ఉరితీసినవి. ఈ రెండును జరిగినవే. ఒకదానిని చెప్పి రెండవదానిని దాచినచో అది స్తోత్రమగును, లేదా నింద యగును, చరిత్ర కాజాలదు. పన్ను మితిమీరినదని తానే తెలిసికొన్న అధికారి ఏమి చేసెను? ఆ మాట చెల్లుటకు ఎన్ని యేండ్లు పట్టెను? ఆ లోపల రైతు గతి యేమయ్యెను? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము వెదకినచో ఆతని పాలనము మనకు తెలిసినట్లే.

మన్రో 1761వ సంవత్సరము మే 27వ తేదీన స్కాట్లండు దేశములోని గ్లాస్గో నగరమున జన్మించెను. తండ్రి వర్తకుడు. అమెరికా దేశస్థులు ఆంగ్లేయులపై తిరుగబడిన యుద్ధమున ఆ తండ్రి వ్యాపారము కూలిపోయెను. కొడుకు చదువు చాలించి, కంపెనీ కాల్బలమున చేరి, 1780వ సంవత్సరము జనవరిలో చెన్నపట్టణమున దిగెను. ఆ యేడే హైదరాలీ కర్ణాటకముపై విరుచుకొనిపడెను. పందొమ్మిదేండ్ల మన్రో ఆ యుద్ధమున కంపెనీ సేనతో నడచెను. పిదప టిప్పూ సుల్తానుతో జరిగిన యుద్ధమునను పనిచేసెను. ఇంతవఱకు ఆతడు వేలమంది సిపాయి దొరలలో ఒకడే.

ఆతని జీవితమును మార్చినది కత్తి కాదు, కొలత గొలుసు. 1792లో టిప్పూ విడిచిన బారామహలు అను సేలము సీమకు కెప్టెన్ రీడ్ అను నాతడు అధికారి యయ్యెను. ఆతనికి సహాయకుడుగా మన్రో ఏడేండ్లు పల్లెలలో తిరిగి, ఏ నేల ఎట్టి పంట నిచ్చును, ఏ రైతు ఎంత చెల్లింపగలడు, నడుమ నున్నవారు ఎంత మ్రింగుదురు అను సంగతులు కన్నులార చూచెను. దేశభాషలు నేర్చెను. రైతుతో దుబాసీ లేకుండ మాటలాడు దొర ఆ దినములలో అరుదు. 1799లో శ్రీరంగపట్టణము పడిన తరువాత ఒక యేడు కన్నడ జిల్లాలో పనిచేసి, 1800వ సంవత్సరాంతమున దత్తమండలములకు వచ్చెను. ఆతని చేతిక్రింద నలుగురు ఉపకలెక్టరులు.

అప్పటి దత్తమండలముల స్థితి చెప్పదగినది కాదు. విజయనగర సామ్రాజ్యము చెదరినది మొదలు బిజాపురము, మొగలాయి, మహారాష్ట్రము, మైసూరు, నిజాము సేనలు వరుసగా త్రొక్కిన నేల యది. సుమారు ఎనుబదిమంది పాళెగాండ్రు కోటలు కట్టుకొని, బంట్లను పోషించుకొని, పన్నులు లాగుచుండిరి. ఒక యేట ఒకే పొలమునకు ఇద్దరు ముగ్గురు వసూలుదార్లు వచ్చుటయు కలదు. మన్రో ముందుగా ఈ పాళెగాండ్ర బలమును విరిచెను. పన్ను హెచ్చించి కట్టుమనెను. కట్టనివారి కోటలు తీసికొనెను. పలువురను పదవి మాన్పి భరణములిచ్చెను. ఈ కాఠిన్యమును లండను నందలి కంపెనీ డైరెక్టరులే ఆక్షేపించిరి. రైతునకు దీనివలన దోపిడి తగ్గిన మాట నిజము. కాని ఆ వంశముల కడుపుమంట చల్లారలేదు. 1846లో భరణము విషయమున రగిలిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు ఆ నిప్పునుండి లేచినదే. 1847 ఫిబ్రవరిలో ఆ వీరుని కోవెలకుంట్లలో ఉరితీసిరి.

ఇక నేను ముందు సూచించిన గ్రామము తెర్నేకల్లు. అది నాడు ఆదవాని సీమలోనిది, పత్తికొండకు చేరువది. 1801లో ఆ గ్రామస్థులు కంపెనీవారికి పన్ను కట్టమని ఎదురు తిరిగిరి. తహశ్శీలుదారు హతుడయ్యెను. ఊరికి కోట యుండెను. మొదట వచ్చిన సేనను గ్రామస్థులు వెనుకకు కొట్టిరి. మఱల పెద్ద సేన వచ్చి కోటను పట్టుకొనెను. ఊరిపెద్దకు ఉరి తప్పలేదు. క్రొత్త ప్రభుత్వము రైతునకు మేలు చేయ వచ్చినదో, పన్ను లాగ వచ్చినదో ఆ యేట ఆ పల్లెవారికి ఎట్లు తెలియును? వారికి కనబడినది తుపాకి మాత్రమే.

ఈ విధముగా సీమ లోబడిన తరువాత మన్రో తన అసలు పనికి దిగెను. ఏండ్ల తరబడి గుడారములలో నివసించుచు తాలూకా తాలూకా తిరిగెను. 1802లో భూమి కొలత ప్రారంభమయ్యెను. కొలతకు వాడిన గొలుసు 33 అడుగుల పొడవు. ఆ గొలుసు పొడవును వెడల్పును గల చదరపు నేల ఒక గుంట. అట్టివి 40 చేరిన ఒక ఎకరము. మన గట్టునను ఎకరమును గుంటలతోనే లెక్కింతుము గనుక మీకీ లెక్క క్రొత్త కాదు. ఒకడు కొలిచినదానిని మఱియొకడు సరిచూచెడివాడు. కొలత తీరిన వెనుక, నేల వన్నె చూచి పన్ను కట్టువారు వచ్చిరి. రెడ్డి, కరణము, రైతులు కూడియుండగా ఇది నల్లరేగడి, ఇది ఎఱ్ఱనేల, ఇది చవుడు, ఇది బావి క్రింది తోట, ఇది చెఱువు క్రింది మాగాణి యని తరములు విడదీసి, ఒక్కొక్క పొలమునకు రొక్కపు పన్ను నిర్ణయించిరి. కరణాల కవిలెలలో ఏండ్ల తరబడి కానరాని పొలములు ఈ గొలుసునకు చిక్కెను.

దీనికే రైతువారీ పద్ధతి యని పేరు. అంతకుముందు ప్రభుత్వము ఊరినంతటిని ఒక మొత్తమునకు ఎవనికో అప్పగించెడిది. వాడు రైతువద్ద ఎంత లాగినను అడుగువాడు లేడు. వంగదేశమున 1793లో కంపెనీవారు జమీందారులకు భూమిని శాశ్వతముగా కట్టిపెట్టిరి. మన్రో మార్గము వేఱు. ప్రభుత్వమునకును రైతునకును నడుమ ఎవడును ఉండరాదు. ఏటేట జమాబందీ జరుగును. రైతు తన పేర తాను పట్టా పొందును. అందు పొలము పేరు, విస్తీర్ణము, చెల్లింపవలసిన మొత్తము వ్రాసియుండును. సొమ్ము కిస్తీల ప్రకారము చెల్లును. ఎద్దులకును బావులకును తకావి అప్పు దొరకును. చదువురాని రైతయినను తన పట్టాను చదివించుకొని, ‘నా బాకీ ఇంత, ఇంతకు మించి దమ్మిడీ యీయను’ అని నిలువవచ్చును. ఆ కాగితపు ముక్క ఆ కాలమున చిన్న వస్తువు కాదు.

అయితే పట్టాలో వ్రాసిన అంకె యెంత? చిక్కంతయు అందున్నది. మన్రో కట్టిన పన్ను సగటున మొత్తము పంటలో నూటికి 45 వంతులు. మన లెక్కలో చెప్పెదను. పుట్టికి 20 తూములు గదా. ఒక పుట్టి పండినచో 9 తూముల వెల సర్కారుకు పోవును. మిగిలిన 11 తూములలో విత్తనము, ఎద్దుల మేత, పాలేరు జీతము, వడ్లకమ్మరుల మేర, అప్పు వడ్డీ పోగా రైతు ఇంటికి చేరునది ఎంత? వానకాలము చక్కగా నడచిన యేట గింజలు మిగులును. ఒక్క కార్తె తప్పినచో పట్టాదారు అప్పులపా లగును.

ఈ సంగతి మన్రో గ్రహించెను. ఏడేండ్లు అచ్చట పనిచేసి, 1807లో సీమకు పయనమగుటకు ముందు, ఆతడు పై అధికారులకు ఒక నివేదిక వ్రాసెను. భూములన్నిటి పన్నును నూటికి 25 వంతులు తగ్గింపవలెను; బావుల క్రిందను చిన్న చెఱువుల క్రిందను ఉన్న తోట భూములకు మఱి 8 వంతులు చేర్చి 33 తగ్గింపవలెను; అప్పుడు ప్రభుత్వపు వంతు పంటలో మూడవ పాలు కాగలదు; రైతు తనకు వలదన్న పొలమును విడుచుటకును, కావలెనన్న బంజరును పట్టుకొనుటకును స్వేచ్ఛ యుండవలెను. ఇదియే ఆ నివేదిక సారాంశము. పుట్టి లెక్కలో 9 తూములు తగ్గి 6 తూముల 3 కుంచములగును. తోట నేలకు 6 తూములే యగును. తాను కట్టిన పన్నునే తాను ఎక్కువ యని వ్రాయుట అధికారులలో తఱచు కానరాదు. తన వసూలు ఘనతను చెప్పుకొని పోవుటయే లోకరీతి.

పై వారు ఆ మాట చెవిని పెట్టలేదు. కంపెనీకి యుద్ధముల ఖర్చు పెరుగుచుండెను. పాతికవంతు వదలుకొనుట ఎవరికిని ఇష్టము లేదు. అంతేకాక, రైతువారీ పద్ధతినే మాన్పి గ్రామములను ముక్తాకు ఇచ్చిరి. మొదట మూడేండ్ల ముక్తా. పిదప పదేండ్ల ముక్తా. ఊరిపెద్దలును, వారు ఒప్పుకొననిచోట పరులును, పాటపాడి ఊళ్లు తీసికొనిరి. పాత పన్ను ప్రమాణముననే ముక్తా మొత్తములు ఏర్పడెను గనుక కఱవు వచ్చినప్పుడు ముక్తాదారులు బాకీపడిరి. కొందరు చెఱసాలల పాలయిరి. బాకీ తీర్చుకొనుటకు వారు రైతులను పిండిరి. నీళ్లున్న మంచి నేలలను తాముంచుకొని, చవిటి నేలను బీదవానికి అంటగట్టిరి. పట్టా పోయెను, పన్ను మాత్రము మిగిలెను.

ఈ నడుమ మన్రో ఇంగ్లండులో ఊరకుండలేదు. 1813లో కంపెనీ సనదు మఱల వ్రాయు సందర్భమున పార్లమెంటువారు ఆతని సాక్ష్యము తీసికొనిరి. భారతీయులకు నాగరకత నేర్పవలెనను వారితో ఆతడు, నాగరకత అనునది రెండు దేశముల నడుమ వర్తకపు సరకైనచో ఆ దిగుమతివలన లాభపడునది ఇంగ్లండే యని సభలో చెప్పెను. 1814లో న్యాయస్థానముల సంస్కరణకై మఱల చెన్నపట్టణము వచ్చెను. 1816లో క్రొత్త చట్టములు పుట్టెను. గ్రామ మునసబులకు 10 రూపాయల వఱకు గల దావాలు తీర్చు అధికారము వచ్చెను. పంచాయతీలకు చట్టపు గుర్తింపు కలిగెను. దేశీయులు జిల్లా మునసబులైరి. కోర్టు వఱకు నడువలేని పల్లెవానికి ఇది మేలే. కాని అదే యేట పోలీసు అధికారమును మేజస్ట్రేటు అధికారమును జడ్జీలనుండి తీసి కలెక్టరునకును, ఆతని క్రింద తహశ్శీలుదారునకును ఇచ్చిరి. పన్ను అడుగువాడును, పట్టుకొని కట్టివేయువాడును ఒక్కడే యయ్యెను. దీని ఫలమును పిదప చెప్పెదను.

1817, 1818 సంవత్సరములలో మహారాష్ట్రులతో జరిగిన కడపటి యుద్ధమున మన్రో కొద్ది సేనతోనే దక్షిణ మహారాష్ట్రమును లోబఱచి, ఇంగ్లండు పోయి, గవర్నరుగా నియమితుడై 1820 జూన్ నెలలో చెన్నపట్టణము చేరెను. 1807లో ఏ మాటను పై వారు త్రోసిపుచ్చిరో, ఆ మాటను ఇప్పుడు తానే ఆజ్ఞగా వ్రాసెను. దత్తమండలములలో రైతువారీ మఱల వచ్చెను. మెట్టకును మాగాణికిని నూటికి 25, తోటలకు 33 వంతుల చొప్పున పన్ను తగ్గెను. నడుమ గడచినవి పదుమూడేండ్లు. లెక్క మారలేదు, నేల మారలేదు, వాన మారలేదు. వ్రాసిన చేయి కలెక్టరుదిగాక గవర్నరుది యయ్యెను, అంతే. కాని ఆ పదుమూడేండ్లలో ఎద్దులమ్ముకొని ఊరు విడిచిపోయిన రైతునకు 1820 నాటి తగ్గింపు ఏమి యక్కఱకు వచ్చెను?

ఆ కాలపు ఇతర గవర్నరులతో పోల్చి చూచినగాని ఈ పని విలువ తెలియదు. అందులకు డచ్చివారి యుదాహరణము చాలును. మన పెద్దలు వలందావారని పిలిచినది వీరినే. 1606 మొదలు వీరు తెలుగు తీరమున నేతబట్టల వర్తకము చేసిరి. మచిలీబందరు, పులికాటు, భీమునిపట్టణము, కాకినాడ ప్రక్కనున్న జగన్నాథపురము వీరి స్థానములు. 1824 మార్చి నెలలో లండనులో జరిగిన సంధివలన ఈ తీరమున వారికి మిగిలిన స్థానములన్నియు ఆంగ్లేయుల వశమయ్యెను. 1825లో ఆ అప్పగింత జరిగినప్పుడు చెన్నపట్టణపు గవర్నరు మన్రోయే. డచ్చివారు మన తీరమును విడిచి, తూర్పు దీవులలోని జావాపై తమ ఆశలన్నియు నిలిపిరి.

జావాకును మన దేశపు కొలతకును ఒక సంబంధము కలదు. 1811 నుండి 1816 వఱకు ఆ దీవి ఆంగ్లేయుల చేతిలో నుండెను. మన గ్రామ కైఫీయతులను వ్రాయించిన కల్నల్ మెకంజీ అప్పుడు అచ్చటికి పోయి, భూస్వామ్య విచారణ సంఘమునకు అధ్యక్షుడై పనిచేసెను. ఆ దీవి డచ్చివారికి తిరిగి పోయిన పిదప, 1830లో వాన్ డెన్ బాష్ అను సేనాని గవర్నరు జనరలుగా వచ్చెను. ఆతడు తెచ్చిన పద్ధతి యిది: ప్రతి గ్రామము తన నేలలో అయిదవ వంతును సర్కారు కోరిన పంటకు విడువవలెను. నీలి, చెఱకు, కాఫీ వేయవలెను. ఆ సరకును సర్కారుకే ఇయ్యవలెను. భూమి లేనివాడు ఏటికి 66 దినములు పనిచేయవలెను. కాగితముమీద ఇది పన్నుకు బదులని చెప్పిరి. నడచినప్పుడు అయిదవ వంతు పలుచోట్ల మించిపోయెను; 66 దినములును మించిపోయెను. పంట ఎక్కువైనకొలది ఊరిపెద్దకును అధికారికిని వంతు ఎక్కువ దొరకెడిది గనుక అడ్డుచెప్పువాడు లేకపోయెను. వరి వేయవలసిన కాలమున ప్రజలు నీలి కోయుచుండిరి. 1840 తరువాత మధ్య జావాలో ఘోరమైన కఱవులు వచ్చెను. హాలండు ఖజానా మాత్రము నిండెను. వాన్ డెన్ బాష్ స్వదేశమునకు పోయి వలసరాజ్యముల మంత్రియై, 1844లో మరణించెను. 1860లో ఆ దీవిలో ఉద్యోగము చేసిన ఎడువార్డ్ డౌవెస్ డెక్కర్ అను నాతడు ‘మాక్స్ హావెలార్’ అను నవలలో అచ్చటి ప్రజల బాధను బయలుపెట్టెను. 1870 తరువాతగాని ఆ పద్ధతి సడలలేదు.

ఇద్దరును కంపెనీ కాలపు సైనికులే. ఇద్దరును తమ దేశపు ఖజానాకై పనిచేసినవారే. భేద మేమన, డచ్చి గవర్నరు ఊరికి ఊరిని ఒక పనిముట్టుగా చూచెను. మన్రో రైతును పేరుతో గుర్తించెను. డచ్చి పద్ధతిలో ఆజ్ఞ హెచ్చినకొలది అధికారికి లాభము. మన్రో తన నిర్ణయము తప్పిన చోటు తానే చూపి తగ్గించెను. ఈ భేదము చిన్నది కాదు.

గవర్నరుగా మన్రో చేసిన మఱియొక పని పల్లెబడుల లెక్క. 1822లో ఆతడు రాజధాని యంతట బడుల విచారణ చేయించెను. బళ్లారి కలెక్టరు క్యాంబెల్ దొర తన జిల్లాలో 533 బడులును, 6,641 మంది పిల్లలును ఉన్నారని 1823లో వ్రాసెను. మొత్తము రాజధానిలో బడులు 12,498. జనము ఒక కోటి 28 లక్షలకు పైబడి. వేయిమందికి ఒక బడి యన్నమాట. 1826 మార్చిలో మన్రో తన అభిప్రాయము వ్రాయుచు, ఉపాధ్యాయునకు వచ్చు జీతము చాల కొద్ది యని గుర్తించెను. ప్రతి తాలూకాకు ఒక బడి పెట్టి, అందలి పంతులకు నెలకు 9 రూపాయలును, జిల్లా బడి పంతులకు 15 రూపాయలును ఇయ్యవలెనని సూచించెను. ఆతని మరణానంతరము ఆ యత్నము చాలకాలము నిలువలేదు. 1824 డిసెంబరు 31వ తేదీన వ్రాసిన మఱియొక లేఖలో, ఈ దేశ ప్రజలు తమ్ము తాము ఏలుకొనజాలిన దినము రాగలదనియు, ఆనాడు ఆంగ్లేయులు క్రమముగా తొలగిపోవుట మంచిదనియు తెలిపెను. మన స్వాతంత్ర్యమునకు నూట ఇరువది మూడేండ్ల ముందు ఒక ఆంగ్ల గవర్నరు ఈ మాట వ్రాయుట గమనింపదగినది.

బర్మా యుద్ధమువలన ఆతని సెలవు ఆలస్యమయ్యెను. 1827లో దేశము విడుచుటకు ముందు, తాను ఏడేండ్లు తిరిగిన దత్తమండలములను కడసారి చూడవలెనని బయలుదేరెను. జులై నెల మొదట గుత్తి చేరెను. విడిదిలో వాంతిభేదుల జాడ్యము సోకియుండెను. 6వ తేదీ ఉదయము పత్తికొండలో ఆ వ్యాధి మన్రోను పట్టెను; ఆ రాత్రియే ఆతడు మరణించెను. దేహమును గుత్తికి కొనిపోయి పాతిపెట్టిరి. 1831లో అస్థికలను చెన్నపట్టణపు కోటలోని దేవాలయమునకు మార్చిరి. పత్తికొండలో ఆతని పేర తోపును మెట్లబావియు, గుత్తిలో సత్రమును ఏర్పడెను. మంత్రాలయమున రాఘవేంద్రస్వామి ఆతనికి దర్శనమిచ్చి మాటలాడినారనియు, పాపఘ్ని గండిలో బంగారు తోరణము ఆతనికి కనబడినదనియు జనశ్రుతి కలదు. ఇట్టి కథలకు శాసనసాక్ష్యము వెదకనక్కఱలేదు. పరదేశి యగు అధికారిని తమ దేవతలే మన్నించినారని ప్రజలు చెప్పుకొన్నారనుటయే అందలి చారిత్రక విషయము.

ఇక ఆ పద్ధతి తరువాత ఎట్లు నడచెను? ఇచ్చట ప్రశంస ఆపవలసియున్నది. మన్రో వంటి కలెక్టరు ప్రతి జిల్లాలో లేడు. పాతికవంతు తగ్గింపు దత్తమండలములకు వచ్చినది. ఇతర జిల్లాలలో హెచ్చు పన్ను చాలకాలము నిలిచెను. తహశ్శీలుదారు చేతిలో పన్నును పోలీసును ఒక్కటియైనందున బాకీపడిన రైతు దేహమే జామీను అయ్యెను. 1854లో ఇంగ్లండు పార్లమెంటులో గోల పుట్టగా చెన్నపట్టణమున విచారణ సంఘమును నియమించిరి. పన్ను వసూలుకై రైతులను వంచి కట్టి ఎండలో నిలుపుట, కిట్టిలో పెట్టి నొక్కుట మొదలగు హింసలు వాడుకలో నున్నవని 1855లో ఆ సంఘము ఒప్పుకొనెను. పట్టా మంచిదే, కాని పట్టా చూపి న్యాయమడుగుటకు వేఱొక గుమ్మము లేనప్పుడు అది ఉత్త కాగితము. ఇరుసు గట్టిదైనంత మాత్రమున మోయలేని బరువెత్తిన బండి నడువదు. తోలువాడు క్రూరుడైనచో ఎద్దులు నిలువవు.

మన ఉత్తరపు గట్టున ఆ కాలమున పట్టాయు లేదు. నిజాము దివానీ తాలూకాలు గుత్తదార్ల పాలై యుండెను. గద్వాల, వనపర్తి సంస్థానములలో వసూలు సంస్థానాధీశులది. 1853లో సాలారుజంగు దివానైన తరువాత గుత్తలు క్రమముగా తగ్గెను. 1865లో జిల్లాబందీ ఏర్పడెను. పిదప కొలతయు పట్టాయు ఈ గట్టునకును వచ్చెను. 1949లో జాగీరులు రద్దగు వఱకు పలు గ్రామములకు ఆ మేలు పూర్తిగా దక్కలేదు. నదికి ఆవల 1802లో పఱచిన గొలుసు ఈవలికి దాటుటకు అంతకాలము పట్టెను.

పెద్దలారా, మీలో పలువురు ఊరి తగవులు తీర్చువారు, పొలముగట్టు సాక్ష్యము చెప్పువారు. మన్రో చరిత్రలో మీరు తీసికొనవలసినది ఆతని దొరతనము కాదు. ఆతడు నేలను పాదములతో కొలిచి తెలిసికొనెను. రైతు మాటను రైతు భాషలో వినెను. తన అంకె తప్పినప్పుడు తప్పినదని వ్రాసెను. ఈ గుణములు ఏ కాలపు అధికారికైనను కావలసినవే. ఆతని కాలపు దోషమును మరువరాదు. న్యాయమైన మాట 1807లోనే పుట్టినను, చెప్పినవాడు చిన్న పదవిలో నున్నాడని దానిని 1820 వఱకు పెట్టెలో పెట్టిరి. ఆ పదుమూడేండ్ల వడ్డీని కట్టినది కంపెనీ కాదు. పత్తికొండ, ఆదవాని, గుత్తి పల్లెల రైతులు కట్టిరి. భారము మితిమీరినదని తెలిసిన దినముననే దానిని దింపవలెను. ఆలస్యముగా వచ్చిన తగ్గింపు బ్రదికియున్నవానికే చేరును.